ఇంజను వెనక్కి జరగడానికి 60 ఏళ్ళు

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

"సైన్సు చదువుతున్నావు గదా, సంచికకి ఏదైనా శాస్త్ర విషయం రాసివ్వు. అందరికీ అర్థమయ్యేలా వుండాలి సుమా!" అని విద్యార్థి సంఘం మిత్రులు అడిగితే, కారును గురించి రాస్తానన్నాను. వాళ్ళు నవ్వారు. నవ్వరూ మరి! మా ఇంట్లో కారు లేదు. నేను పట్టుకున్న స్టీరింగు ట్రాక్టరుది ఒక్కటే. పైగా నేను రాయదలచుకున్నది మన రోడ్ల మీద తిరిగే కారు కాదు, అమెరికావాళ్ళ కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు. దాన్ని నేను బొమ్మల్లో తప్ప చూడలేదు.

అయినా రాస్తున్నానంటే కారణం వుంది. 1953లో పుట్టిన ఈ కారు ఏడు తరాలపాటు ఇంజను ముందు భాగంలోనే పెట్టుకుని తిరిగింది. 2019 జూలై 18న కాలిఫోర్నియాలోని టస్టిన్‌లో ఎనిమిదో తరం కారును జనానికి చూపించారు. అందులో ఇంజను డ్రైవరు వీపు వెనక్కి వెళ్ళింది. అయితే ఇంజను అక్కడే వుండాలన్న మాట కొత్తది కాదు. ఆ కారును తీర్చిదిద్దిన ఇంజనీరు 1960 నాటికే ఆ పద్ధతిలో ఒక ప్రయోగ వాహనం నిర్మించి నడిపి చూపించాడు. భౌతికశాస్త్రం ఏనాడో తేల్చిన విషయానికి కార్ఖానా గేటు దాటడానికి 60 ఏళ్ళు ఎందుకు పట్టింది? ఈ ప్రశ్నే నా వ్యాసం.

ట్రాక్టరు నేర్పిన పాఠం

నాకు పద్నాలుగేళ్ళప్పటి సంగతి. ధాన్యం బస్తాలు వేసిన ట్రక్కును ట్రాక్టరుకు తగిలించి నాన్న కాలవగట్టు ఎక్కిస్తున్నాడు. నేను మడ్‌గార్డు మీద కూర్చున్నాను. గట్టు సగం ఎక్కేసరికి ట్రాక్టరు ముందు చక్రాలు జానెడు పైకి లేచాయి. నాన్న స్టీరింగు తిప్పుతున్నాడు గాని బండి తిరగడం లేదు. గాలిలో వున్న చక్రం ఎటు తిరిగితేనేం? ఆయన కంగారుపడకుండా క్లచ్ తొక్కాడు. ముందు చక్రాలు ధబ్బున నేలమీద పడ్డాయి. నా గుండె మాత్రం చాలాసేపటిదాకా కుదుట పడలేదు.

మర్నాడు నాన్న ముందు భాగానికి ఇనుప దిమ్మెలు బిగించాడు, ట్రక్కులో పది బస్తాలు తగ్గించాడు. "ముందు తేలికైతే దారి తప్పుద్దిరా" అన్నాడు. అంతే, అంతకుమించి చెప్పలేదు.

కాలేజీకి వచ్చాక భ్రామకాల పాఠం వింటుంటే ఆ గట్టు గుర్తుకొచ్చింది. వెనక చక్రాలు నేలను వెనక్కి తోస్తాయి. నేల వాటిని ముందుకు తోస్తుంది. ఈ తోపు నేలమట్టాన వుంటుంది. బండి గరిమనాభి మాత్రం నేలకు కొంత ఎత్తున వుంటుంది. అంచేత బండి ముందుకు దూకబోయేసరికి పై భాగం వెనక్కి వాలబోతుంది. ముందు చక్రాల మీది భారం తగ్గి, తగ్గినంత భారమూ వెనక చక్రాల మీద పడుతుంది. వెనక లాగే బరువు, ఎక్కే వాలు దీనికి తోడైతే ఇక చెప్పేదేముంది!

చిత్రమేమిటంటే, మా ట్రాక్టరుకు ఆపద తెచ్చిన ఈ సూత్రమే పరుగు కారుకు వరం. ఆ వరాన్ని పూర్తిగా వాడుకోవడానికే కార్వెట్ ఇంజను వెనక్కి జరిగింది.

కార్వెట్ పుట్టుక

1953 జనవరి 17న న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో జనరల్ మోటార్స్ కంపెనీ తన ప్రదర్శన జరిపింది. హార్లీ ఎర్ల్ అనే ప్రసిద్ధ రూపశిల్పి ఆధ్వర్యంలో తయారైన కార్వెట్ అక్కడే మొదట కనిపించింది. ఇద్దరు కూర్చునే కారు. శరీరం ఇనప రేకుది కాదు, గాజునార ప్లాస్టిక్కుది. ఆ ఏడు మిచిగాన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో 300 కార్లు తయారుచేశారు. అన్నీ తెల్లవే, అన్నిటికీ ఎర్రని లోపలి అలంకరణే.

చూడ్డానికి అందగత్తె. లోపల మాత్రం మామూలు కార్లకు వాడే ఆరు సిలిండర్ల ఇంజను, 150 అశ్వశక్తి, రెండే గేర్ల ఆటోమేటిక్. పైన పటారం, లోన లొటారం అన్నట్టయింది. 1954లో 3,640 కార్లు తయారుచేస్తే వాటిలో చాలా అమ్ముడుపోక నిలిచిపోయాయి. 1955లో ఉత్పత్తి 700కు పడిపోయింది. ఆ సంవత్సరమే వి8 ఇంజను వచ్చి ప్రాణం పోసింది.

న్యూయార్కు ప్రదర్శన చూడవచ్చిన వారిలో జోరా ఆర్కస్-డంటోవ్ ఒకడు. రష్యన్ తల్లిదండ్రులకు 1909లో బ్రస్సెల్స్‌లో పుట్టి, బెర్లిన్‌లో ఇంజనీరింగు చదివి, యుద్ధకాలంలో అమెరికా చేరినవాడు. కార్వెట్ అందానికి ముగ్ధుడై, దాని అడుగున వున్న యంత్రం చూసి నిరాశపడి, కంపెనీకి ఉత్తరం రాశాడు. 1953లోనే ఆ కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. ఈయన వట్టి కాగితం ఇంజనీరు కాదు. 1954, 1955 సంవత్సరాల్లో ఫ్రాన్సులో జరిగే 24 గంటల లె మాన్ పందెంలో పోర్షా 550 కారు నడిపి రెండుసార్లూ తన తరగతిలో గెలిచాడు. ఆ పోర్షా ఇంజను డ్రైవరు వెనకాలే, ఇరుసుల నడుమ వుంటుంది. అంటే, ఆయన తర్వాత వాదించిన విషయం ముందుగా ఆయన ఒంటికి తెలిసిందే!

1959లో జాక్ బ్రాభమ్ ఇంజను వెనక వున్న కూపర్ కారుతో ప్రపంచ విజేత అయ్యాడు. కొద్ది ఏళ్ళలోనే పందెపు కార్లన్నీ ఆ దారి పట్టాయి. 1960లో డంటోవ్ నిర్మించిన సి.ఇ.ఆర్.వి. 1 అనే ఒంటి సీటు ప్రయోగ వాహనం ఆ బాటలోదే. 1964లో రెండోది తయారైంది.

కాగితం, పెన్సిలు తీసుకోండి

మన మొదటి సంవత్సరం లెక్కతోనే దీన్ని చూద్దాం. ఎనిమిదో తరం కార్వెట్ బరువు సుమారు 1,600 కిలోలు. ఇరుసుల మధ్య దూరం 2.72 మీటర్లు. గరిమనాభి ఎత్తు 0.45 మీటరు అనుకుందాం. తగిన పరికరాలు అమర్చిన కారు 495 అశ్వశక్తితో నిలిచినచోటునుంచి గంటకు 60 మైళ్ళ వేగాన్ని 2.9 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ ప్రకటన. గంటకు 60 మైళ్ళంటే సెకనుకు 26.8 మీటర్లు. 2.9తో భాగిస్తే సగటు త్వరణం 9.2 వస్తుంది. దాదాపు గురుత్వ త్వరణమంత! చెట్టుమీది కాయ కిందికి ఎలా పడుతుందో, ఈ కారు అడ్డంగా అలా "పడుతున్నది" అన్నమాట.

ముందునుంచి వెనక్కి మారే భారం ఎంత? ద్రవ్యరాశిని త్వరణంతోనూ, గరిమనాభి ఎత్తుతోనూ గుణించి, ఇరుసుల దూరంతో భాగించాలి. చేసి చూస్తే సుమారు 250 కిలోల భారం వస్తుంది. ఈ కారు నిలిచివున్నప్పుడు నూటికి 60 వంతుల బరువు, అంటే 960 కిలోలు, వెనక చక్రాల మీద వుంటుంది. పరుగులో అది 1,210 అవుతుంది. కారును తోయడానికి కావలసిన బలం సుమారు 1,500 కిలోల భారానికి సమానం. కాబట్టి టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 1.24 వుంటే సరిపోతుంది. గుణకం ఒకటి దాటుతుందా అని అడక్కండి. మెత్తని పందెపు రబ్బరుకు దాటుతుంది.

ఇప్పుడు అదే కారు, అవే టైర్లు, ఇంజను మాత్రం ముందు వున్నదనుకోండి. బరువు చెరిసగం. వెనక చక్రాల మీద 800 కిలోలే. 1.24 గుణకంతో లెక్క మళ్ళీ చేస్తే త్వరణం 7.6 దగ్గర ఆగిపోతుంది. అదే వేగానికి 3.5 సెకన్లు పడుతుంది. గాలి అడ్డును, గేరు మార్పుల్ని నేను లెక్కలోకి తీసుకోలేదు; అయినా విషయం స్పష్టమే. ఇంజను శక్తి ఎంత పెంచినా ఆ అర సెకను పైచిలుకు రాదు. ఎక్కువ శక్తి ఇస్తే చక్రం వున్నచోటే గిర్రున తిరుగుతుంది, టైరు కాలుతుంది. బురదలో దిగబడ్డ ట్రాక్టరుకు యాక్సిలరేటరు తొక్కిన రైతుబిడ్డలెవరికైనా ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

కావడి సూత్రం

ఇంకొకటి, మలుపు. రెండు బిందెలు కావడికి కట్టి భుజాన వేసుకుని గిరుక్కున తిరగండి చూద్దాం. కావడి తిరగదు, తిరిగిందా, ఆగదు. అవే బిందెలు రెండు చంకల్లో పెట్టుకుంటే సులభంగా తిరగొచ్చు. బరువు మారలేదు, బరువు వున్నచోటు మారింది. ఇదే జడత్వ భ్రామకం. బరువు మధ్యనుంచి ఎంత దూరముంటే, ఆ దూరపు వర్గంతో అది పెరుగుతుంది.

1997లో వచ్చిన అయిదో తరం కార్వెట్లో ఇంజనీర్లు బరువు సమంగా పంచడం కోసం గేరుబాక్సును వెనక ఇరుసు దగ్గరకు చేర్చారు. ముందు ఇంజను, వెనక గేరుబాక్సు: అచ్చం కావడే! తూకం కుదిరింది గాని తిరుగుడుకు బద్ధకం మిగిలింది. ఎనిమిదో తరంలో రెండు బరువులూ ఒకచోటికి, డ్రైవరు వెనక్కి వచ్చాయి. డ్రైవరు సీటు సుమారు 40 సెంటీమీటర్లు ముందుకు జరిగింది. కారు ఆయన నడుం చుట్టూ తిరుగుతున్నట్టుంటుందట.

అయితే నాన్న మాట మరువకూడదు. ముందు తేలికైతే దారి తప్పుతుంది. పైగా తిరగడానికి బద్ధకించని కారు గింగిరాలు తిరగడానికీ బద్ధకించదు. అంచేత వెనక టైర్లు 305 మిల్లీమీటర్ల వెడల్పు, ముందువి 245 పెట్టి, చక్రం జారబోతే కంప్యూటరు సర్దేలా ఏర్పాటు చేశారు. ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. ఒకచోట లాభం ఇస్తే మరొకచోట రశీదు రాస్తుంది.

తెలిసీ ఎందుకు ఆగారు?

మొదట్లో నేను కంపెనీ పెద్దల్ని మూర్ఖులనే అనుకున్నాను. చదివినకొద్దీ అంత తేలిగ్గా అనలేకపోయాను.

1963లో వచ్చిన రెండో తరం కార్వెట్‌నే చూడండి. దాని వెనక అద్దాన్ని మధ్యలో ఒక పట్టీ రెండుగా చీలుస్తుంది. ఆ అందం వుండి తీరాలని రూపకల్పన అధిపతి బిల్ మిచెల్ పట్టుబట్టాడు. వెనక వచ్చేది కనిపించదని డంటోవ్ మొత్తుకున్నాడు. ఆ ఏటికి మిచెల్ నెగ్గాడు. 1964లో పట్టీ పోయింది. చిన్న పట్టీ విషయంలోనే ఇంత తగవు అయితే ఇంజను మాట ఏమిటి?

ఇంజను వెనక పెట్టాలంటే ఆ శక్తిని తట్టుకునే గేరుబాక్సు కొత్తగా తయారు చేయాలి. ఆనాడు అది చాలా ఖరీదు. 1970 న్యూయార్కు ప్రదర్శనలో ఎక్స్‌పి-882 అనే మధ్య ఇంజను కారు పెట్టారు. 1973లో మరో రెండు నమూనాలు చూపించారు, 1990లో సి.ఇ.ఆర్.వి. 3 చూపించారు. జనం చప్పట్లు కొట్టారు. కార్లు మాత్రం ప్రదర్శన మందిరం దాటి రోడ్డెక్కలేదు. ఎందుకంటే పాత పద్ధతి కారు అమ్ముడుపోతూనే వుంది. 1979లో 53,807 కార్వెట్లు తయారయ్యాయి. దాని చరిత్రలో అంత పెద్ద సంఖ్య మరోసారి రాలేదు. కొనేవాడు క్యూలో నిలబడితే "ఎందుకు మార్చాలి?" అని యజమాని అడుగుతాడు. అది మూర్ఖుడి ప్రశ్న కాదు. జీతాలు, కార్ఖానా, బాకీలు చూసుకునేవాడి ప్రశ్న. 2009 జూన్ 1న ఆ మహా కంపెనీయే దివాలా పిటీషను వేసిందంటే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. 2014 మోడలుగా వచ్చిన ఏడో తరంలో కూడా ఇంజను ముందే వుంది.

మరి చివరికి ఎలా మారారు? ముందు ఇంజను పద్ధతి తన హద్దుకు చేరింది. ఏడో తరంలో 650 అశ్వశక్తి కారును, ఆఖర్న 755 అశ్వశక్తి కారును కూడా తయారుచేశారు. పెంచిన శక్తిని నేలమీద పెట్టడానికి పైన మనం చేసిన లెక్కే అడ్డమొచ్చింది. ఇక మిగిలిన దారి ఒక్కటే, డంటోవ్ చూపించినది.

ఏది మార్చారు, ఏది వుంచారు?

నాకు ఎక్కువగా నచ్చింది ఈ భాగం. అంతా కూలగొట్టి కొత్తది కట్టలేదు. ఇద్దరే కూర్చునే ఏర్పాటు, ఇనుముకాని పైతొడుగు, ఊడదీసే పైకప్పు అలాగే వుంచారు. కొనేవాళ్ళలో గోల్ఫ్ ఆటగాళ్ళు ఎక్కువని వెనక డిక్కీలో రెండు గోల్ఫ్ సంచులు పట్టే చోటు కూడా మిగిల్చారు! ఇంజను 6.2 లీటర్ల వి8. 1955 నాటి ఇంజనులాగే దీని కామ్‌షాఫ్టు సిలిండర్ల మధ్య దిగువన వుండి, కడ్డీలతో కవాటాలను తెరుస్తుంది. పాతకాలపు పద్ధతి అని వెక్కిరించేవారున్నారు. కాని ఆ పద్ధతి వల్ల ఇంజను పొట్టిగా వుంటుంది, పొట్టి ఇంజను కిందికి కూర్చుంటుంది, గరిమనాభి దిగుతుంది. పాతదైనా పనికొచ్చేదాన్ని పారెయ్యలేదు. ప్రారంభ ధర కూడా ఆనాడు 60,000 డాలర్లకు అయిదు డాలర్లు తక్కువగా పెట్టారు.

పోయినవీ వున్నాయి. 1963నుంచి వున్న అడ్డ కమాను కట్ట పోయి చుట్టల స్ప్రింగులు వచ్చాయి. క్లచ్ పెడలు పోయింది. రెండు క్లచ్‌లున్న ఎనిమిది గేర్ల పెట్టె తనంతట తానే గేర్లు మారుస్తుంది. పొడుగాటి ముక్కు పోయింది. దశాబ్దాలుగా ఆ ముక్కును చూసి మురిసినవాళ్ళు "ఇది మా కార్వెట్ కాదు" అని బాధపడ్డారు. ఆ బాధను నేను తక్కువ చేయను. కమతం ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మారితే మా తాత నెలరోజులు అన్నం సరిగ్గా తినలేదట. మరోవైపు, కుడివైపు స్టీరింగుతో కార్ఖానాలోనే తయారైన మొదటి కార్వెట్ ఈ తరందే. 2023 జనవరి 17న, సరిగ్గా 70 ఏళ్ళకు, ముందు చక్రాలకు విద్యుత్ మోటారు తోడైన కారును కూడా ప్రకటించారు. తేలికైన ముందు భాగం కూడా ఇప్పుడు లాగడంలో పాలుపంచుకుంటోంది.

చివరి మాట, అర ఎకరం మాట

డంటోవ్ 1975లో రిటైరయ్యాడు. 1996లో కన్నుమూశాడు. ఆయన చితాభస్మాన్ని కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌లో కార్వెట్ మ్యూజియంలో వుంచారు. 1981నుంచి కార్వెట్లు తయారయ్యే కార్ఖానా కూడా ఆ వూళ్ళోనే వుంది. 2020 ఫిబ్రవరిలో ఇంజను వెనకవున్న కార్వెట్ల ఉత్పత్తి అక్కడే మొదలయింది. చూడవలసినవాడు చూడలేదు. అయినా ఆయన మాట ఆయన పక్కనుంచే చక్రాలమీద వెళ్ళిపోతున్నది.

ఇది చదివాక నాకు మా ఇంటి సంగతి ఒకటి వేరుగా కనిపించింది. రెండేళ్ళ కిందట, వరి నాట్లు మాని డ్రమ్ సీడరుతో మొలక విత్తనం వేద్దామని నాన్నతో వాదించాను. నారుమడి, నాటు కూలి మిగులుతాయని లెక్క వేసి చూపించాను. ఆయన కాగితం చూడకుండానే "మరి కలుపు ఎవరు తీస్తార్రా?" అన్నాడు. వరీ కలుపూ ఒకేసారి మొలుస్తాయి కదా! నాకు కోపమొచ్చి ఒక పంటకాలమంతా సరిగ్గా మాట్లాడలేదు. ఆయన ప్రశ్నను మొండితనం అనుకున్నాను. అది డంటోవ్‌ను యజమానులు అడిగిన ప్రశ్నలాంటిదే. జవాబు చెప్పవలసింది అడిగినవాడు కాదు, మార్చమన్నవాడు.

ఈసారి లెక్కలో కలుపు ఖర్చు కూడా వేసుకుని, వరుసల మధ్య తిప్పే వీడరు అద్దెకు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని, మడి చదును చేయడం నా బాధ్యత అని చెప్పి వెళ్ళాను. నాన్న చాలాసేపు ఆలోచించి, సార్వాకు కాలవ పక్కనున్న అర ఎకరం ఇచ్చాడు. మిగతా మూడెకరాల్లో నాట్లే. నేను దానికి నొచ్చుకోలేదు. అది నా ప్రయోగ వాహనం అనుకున్నాను.

మిత్రులారా, మనం ఇక్కడ నేర్చుకునే సూత్రాలు నిజమే. అయితే నిజమైనంత మాత్రాన అవి నడిచి వెళ్ళి పొలంలోనూ కార్ఖానాలోనూ కూర్చోవు. ఎవరో ఒకరు మోసుకుపోవాలి, ఎదుటివాడి ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పాలి. 60 ఏళ్ళు పట్టకుండా చూసుకోవడం మన చేతుల్లో వున్నది. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మా అర ఎకరం పొట్టమీద వుంటుంది. గింజ మాట తర్వాత చెబుతాను.